చుట్టాలొచ్చారు... పడవ మాట్లాడండి!

బరంపురం తెలుగువాళ్ల ఇళ్లలో సంక్రాంతికి రెండు హడావుళ్లు. ఒకటి భోగి ముందురోజు రైలు దిగే చుట్టాలతో మొదలయ్యేది. రెండోది పిండివంటలు తినీ తినీ మొహం మొత్తాక, 'ఇంక ఎక్కడికెళ్దాం?' అన్న ప్రశ్నతో మొదలయ్యేది. గోపాలపురం బీచికి పోదామంటే విశాఖ అల్లుడుగారు పెదవి విరుస్తారు. ఆయన చూడని బీచా! హైదరాబాదు పిల్లలు సెల్‌ఫోన్లోంచి తల ఎత్తరు. ఆఖరికి ఇంటి పెద్దావిడే తేల్చేస్తుంది. 'చిలికా తీసుకెళ్లండర్రా. పడవెక్కిద్దాం.'

కనుమ నాడు కాకైనా కదలదంటారు. అంచేత ప్రయాణం ముక్కనుమకు పడుతుంది. నిజానికి అదే మంచిది కూడా. మకర సంక్రాంతి నాడు చిలికా మధ్యనున్న కాళీజాయి దీవిలో పెద్ద జాతర. ఒడియావాళ్లు కొత్త బియ్యం, బెల్లం, కొబ్బరి, పళ్లు కలిపి 'మకర చావుళ' నైవేద్యం పెట్టి, ఊళ్లకు ఊళ్లే పడవలెక్కుతారు. ఆ రోజు రేవులో కాలు పెట్టే సందుండదు. చంటిపిల్లల్నీ, మోకాళ్ల నొప్పుల మామ్మల్నీ వెంటబెట్టుకుని ఆ తొక్కిసలాటలోకి దిగడం ఎందుకు? రెండ్రోజులాగితే అవే దీవులు, అవే పక్షులు, అదే నీరు. కాస్త తీరిగ్గా చూడొచ్చు.

ఇచ్ఛాపురం దాటి బరంపురం, అక్కణ్నుంచి పదహారో నంబరు జాతీయ రహదారి మీద ఛత్రపురం, గంజాం మీదుగా వెళ్తే 50 కిలోమీటర్ల లోపే రంభ. ఇంకాస్త ముందుకెళ్తే బాలుగావ్, దానికి ఆనుకున్నట్టే బర్కుల్. బరంపురం నుంచి బర్కుల్ సుమారు 75 కిలోమీటర్లు. రైల్లో వచ్చేవాళ్లు భువనేశ్వర్ వైపు వెళ్లేటప్పుడు కుడి పక్క కిటికీ పట్టుకుంటే చాలు. రంభ దాటాక కాసేపు కొండలు, కాసేపు నీళ్లు... ఆ నీళ్లు ఎక్కడ ఆగుతాయో కనిపించదు. రిజర్వేషన్ బోగీలో నిద్రపోతున్న పిల్లల్ని తట్టి లేపి 'అదిగో సముద్రం' అని చూపించే తల్లులు ఇప్పటికీ ఉన్నారు. అది సముద్రం కాదు. అలాగని పూర్తిగా చెరువూ కాదు.

ఉప్పూ తీపీ కలిసిన చోట

మహానది పాయలు తెచ్చే మంచినీరు ఒకవైపు, సముద్రపు పోటు తెచ్చే ఉప్పునీరు మరోవైపు. రెండూ కలిసే కయ్య చిలికా. పూరీ, ఖుర్దా, గంజాం జిల్లాల్లో పరుచుకుని ఉంది. ఎండాకాలంలో 900 చదరపు కిలోమీటర్లకు అటూ ఇటూ, వానాకాలంలో 1,100కి పైన. దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు మరొకటి లేదు. 1981లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలగా గుర్తింపు వచ్చింది. ఆ తర్వాత దీని కథ కొన్నాళ్లు అడ్డం తిరిగింది. సముద్రంలో కలిసే ముఖద్వారం ఇసుకతో పూడుకుపోయింది. ఉప్పు తగ్గింది, నాచూ తూడూ పెరిగాయి, చేపలు పోయాయి. 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది.

2000 సెప్టెంబరులో చిలికా అభివృద్ధి సంస్థ ఇసుక తిన్నెను తవ్వి సముద్రానికి కొత్త ముఖద్వారం తెరిచింది. పోటునీరు మళ్లీ లోపలికొచ్చింది. కొన్నేళ్లలోనే చేపా, రొయ్యా, పీతా అనేక రెట్లు పెరిగాయి. 2002లో ఆ ప్రమాద జాబితా నుంచి చిలికా పేరు తీసేశారు. జాబితాలోకి ఎక్కడం సులువే, దిగడమే కష్టం. చిలికా దిగింది.

రేవులో పడవ ఎక్కేవాళ్లకు ఈ సంగతులన్నీ తెలియాలని లేదు. కానీ పడవవాడు నీళ్లలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని 'ఇయ్యేల ఉప్పెక్కువుంది' అన్నాడంటే, ఆ మాట వెనక ఇంత కథ ఉంది.

రంభ గట్టున దొరగారి దీపం

దీవులు చూడాలంటే బరంపురం వాళ్లకు రంభే దగ్గర. ఇక్కడ కొండలు నీటి దాకా దిగి వస్తాయి. రేవులో మరబోటు మాట్లాడుకుని బయల్దేరితే రెండు మూడు గంటల్లో నాలుగైదు దీవులు చుట్టి రావచ్చు. నీళ్ల మధ్య ఒక బండ, దాని మీద చిన్న గది, పక్కన కోసుగా లేచిన స్తంభం... అది బీకన్ ఐలాండ్. కంపెనీ జమానాలో గంజాం కలెక్టరుగా చేసిన స్నాడ్‌గ్రాస్ దొర కట్టించాడంటారు. రంభ గట్టున ఉన్న ప్యాలెస్ కూడా 1790ల్లో ఆయన కట్టించిందే. తర్వాత ఖల్లికోట రాజుల చేతికి వచ్చింది. దొరగారి ఖర్చులూ లెక్కలూ నచ్చక కంపెనీ ఇంటికి పంపేస్తే, ఆయన లండన్‌లో కంపెనీ ఆఫీసు ముందు చీపురు పట్టుకుని వీధి ఊడ్చి, పరువు పోతుందని భయపడ్డ దొరలతో పింఛను ఇప్పించుకున్నాడని ఒక కథ. నిజమెంతో గానీ ఇది విన్నాక పిల్లలు ఆ స్తంభాన్ని కొంచెం శ్రద్ధగా చూస్తారు.

కొంచెం ఎడంగా బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్. ఖల్లికోట రాజావారు కట్టించుకున్న బంగళా అక్కడ శిథిలమై ఉంది. పడవలో తెచ్చుకున్న పులిహోర, చకోడీలు, మిగిలిపోయిన అరిసెలు విప్పడానికి ఆ పేరే సరిపోతుంది. పక్షుల దీవి బండలు దూరానికి సున్నం కొట్టినట్టు తెల్లగా మెరుస్తాయి. దగ్గరికెళ్తే తెలుస్తుంది, అది సున్నం కాదు, పక్షుల రెట్ట!

హనీమూన్ ఐలాండ్ అసలు పేరు బర్కుడా. ఇక్కడ ఒక విశేషం ఉంది. 1917లో నెల్సన్ అనండేల్ అనే శాస్త్రవేత్త ఈ దీవి మట్టిలో కాళ్లు లేని ఒక చిన్న నలికిరిని కనిపెట్టాడు. దీవి పేరే దానికి పెట్టాడు. చూడ్డానికి ఎర్రలాగా, పాముపిల్లలాగా ఉంటుంది. చెట్ల వేళ్ల దగ్గర మెత్తటి మట్టిలో దాక్కుంటుంది. పర్యాటకుల కంట పడేది కాదు. అయినా దీవి మీద ప్లాస్టిక్ గ్లాసు విసిరేసేముందు ఈ దీవిని నమ్ముకున్న ప్రాణి ఒకటి కాళ్ల కింద ఉందని తలుచుకుంటే చాలు.

ఈ గట్టుకూ తెలుగువాళ్లకూ ఉన్న సంబంధం పడవ షికారుతో మొదలైంది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా విడి రాష్ట్రం అయ్యేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోదే. అంటే రంభ రేవులో నిలబడ్డవాడు మద్రాసు వాడు. ఎదురుగా నీళ్లకవతల పూరీ జిల్లా ఇంకో రాష్ట్రం. అప్పట్లో సరిహద్దు చిలికా నీళ్లలో ఉండేది. ఆ తర్వాత అది ఇచ్ఛాపురం దగ్గరికి జరిగింది. జనం మాత్రం ఉన్నచోటే ఉన్నారు. బరంపురంలో ఉన్నవాళ్లకు శ్రీకాకుళం నుంచి కోడళ్లు వస్తూనే ఉన్నారు, ఇటు పిల్లలు అటు వెళ్తూనే ఉన్నారు. రాష్ట్రపతిగా చేసిన వి.వి.గిరి పుట్టిందీ (1894) ఈ బరంపురంలోనే.

పుట్టింటి పడవ

బర్కుల్ నుంచి ముప్పావుగంట, గంట మరబోటు ప్రయాణం కాళీజాయి. చిన్న రాతిగుట్ట, దాని మీద గుడి, చుట్టూ నీళ్లు, గుడిగంటలు. ఇక్కడి కథ పడవవాళ్లందరికీ వచ్చు. జాయి అనే పిల్లకు నీళ్లకవతల పారికుద్ దీవిలో ఉన్నవాళ్లతో చిన్నతనంలోనే పెళ్లయింది. కాపురానికి పంపే రోజు వచ్చింది. తండ్రి తోడుగా పడవెక్కింది. నడి చిలికాలో గాలివాన లేచింది. పడవ తల్లకిందులైంది. తండ్రీ పడవవాళ్లూ ఎలాగో ఈ గుట్ట పట్టుకుని బతికారు. పిల్ల కనపళ్లేదు. ఎంత వెతికినా శవమైనా దొరకలేదు. తర్వాత రాత్రివేళ ఆ దారిన పోయే పడవలవాళ్లకు ఆ పిల్ల గొంతు వినిపించేదట. జాయి కాళీ అయిందని నమ్మి గుడి కట్టారు. ఒడియా కవి గోదావరీశ మిశ్ర దీన్ని గేయకథగా రాస్తే ఒడిశా అంతటా ఇంటింటికీ చేరింది.

బరంపురం ఆడవాళ్లు ఈ కథను మరోలా వింటారు. ఒడియా తెలుగు తేడా ఏముంది? కూతుర్ని అత్తారింటికి సాగనంపే కథే కదా. ఇచ్ఛాపురం అవతల కాపురం చేస్తూ పండక్కి వచ్చిన కూతురు పక్కన కూచుని, తిరుగు రైలు తేదీ గుర్తుంచుకుని వింటే ఆ గుట్ట మీద గాలి కూడా వేరేగా తగులుతుంది. గుళ్లో గాజులు, కుంకుమ ఇచ్చి దణ్ణం పెట్టుకుని దిగేటప్పుడు పెద్దావిడ పడవవాణ్ని మరోసారి అడుగుతుంది. 'ఏటి బావూ, గాలి లేస్తదంటావా?'

ఆ ప్రశ్న తీసిపారేయాల్సింది కాదు.

గాలి లేవక ముందే

చిలికా లోతు తక్కువ. చాలాచోట్ల వెదురు గడ దించితే నేల తగులుతుంది. అందుకే చాలామందికి ధీమా. 'మునిగినా నడుం లోతే కదా' అంటారు. ఈ ధీమాయే ప్రమాదం. నీరు తక్కువా, విస్తీర్ణం ఎక్కువా అయినచోట గాలి కొంచెం గట్టిగా వీస్తే చాలు, చిన్నచిన్న అలలు దగ్గరదగ్గరగా లేచి పడవను కుదిపేస్తాయి. అడుగున బురద, నాచు. పడ్డవాడికి కాలూనే చోటుండదు. పైగా లోతు కాలువలు ఎక్కడున్నాయో కొత్తవాళ్లకు తెలియదు. పొద్దున్నే చిలికా అద్దంలా ఉంటుంది. మధ్యాహ్నం దాటాక గాలి పట్టుకుంటుంది. మార్చి తర్వాతైతే దక్షిణపు గాలి మరీ మొండిది. అనుభవం ఉన్న పడవవాడు పదిగంటలకు బేరమాడుతూ కూచున్న చుట్టాల్ని చూసి విసుక్కునేది ఇందుకే.

దారి తెలియకపోతే ఎంతటివారికైనా తిప్పలే. 2024 జనవరిలో అప్పటి కేంద్ర మత్స్యశాఖ మంత్రి బర్కుల్ నుంచి సాతపడా వెళ్తుంటే, చీకటి పడే వేళ పడవ చిలికా మధ్యలో చిక్కుకుపోయింది. సుమారు రెండు గంటలు అక్కడే. చివరికి వేరే పడవ వచ్చి తీసుకెళ్లింది. మంత్రిగారికి వేరే పడవ వచ్చింది. మామూలు కుటుంబానికి ఎవరొస్తారు?

లైఫ్ జాకెట్ సంగతి మనవాళ్లకు వేరే చెప్పాలా! 2017 నవంబరులో కార్తీకమాసం రోజుల్లో కృష్ణా పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తాపడి 20 మందికి పైగా పోయారు. ఎక్కువమంది ఒంగోలు నుంచి కుటుంబాలతో వచ్చినవాళ్లే. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగింది. ఎక్కినవాళ్లు 77 మంది, బతికి బయటపడ్డవాళ్లు 26 మంది. అదీ పాపికొండలు చూడ్డానికి బయల్దేరిన సరదా ప్రయాణమే.

అయినా రేవులో ఏం జరుగుతుంది? జాకెట్ ఇస్తారు. మామ్మగారు 'చెమట కంపు' అని పక్కన పెడతారు. కొత్త కోడలు పట్టుచీర నలుగుతుందని సీటు మీద పరుస్తుంది. అల్లుడుగారు ఫొటో దిగడానికి విప్పేస్తారు. పిల్లాడికి పెద్దవాళ్ల సైజుది తగిలిస్తే అది మెడ మీంచి జారి చెవుల దాకా వస్తుంది. పిల్లల సైజు అడిగి తీసుకోవాలి. లేదంటే ఆ పడవ వద్దనాలి. 'పద్నాలుగు మందిమి ఉన్నాం, ఒక్క పడవలో సర్దుకుంటాం, రెండో పడవ డబ్బులు దండగ' అనే లెక్క సంక్రాంతి చుట్టాల్లో ఎవరో ఒకరు చెప్తారు. ఆ పెద్దమనిషికి అరిసె పెట్టి కూచోబెట్టి రెండో పడవ మాట్లాడటమే తెలివి.

రేటు కూడా ఎక్కకముందే తేల్చుకోవాలి. ప్రభుత్వ పర్యాటక సంస్థ పడవలు బర్కుల్, రంభ, సాతపడాల్లో ఉన్నాయి. ప్రైవేటు పడవలకు సంఘాలున్నాయి. మనిషికా, పడవకా, గంటకా అన్నది ముందే మాట్లాడుకుంటే దిగేటప్పుడు గొడవ ఉండదు.

డాల్ఫిన్‌ను తరమొద్దు

పిల్లల మొదటి కోరిక డాల్ఫిన్. అవి ఎక్కువగా పూరీ వైపు సాతపడా దగ్గర, సముద్రానికి దారితీసే కాలువలో కనిపిస్తాయి. పూరీ నుంచి సాతపడా 50 కిలోమీటర్లు. రంభలో పడవెక్కి డాల్ఫిన్ కోసం పేచీ పెడితే పడవవాడు చేయగలిగింది లేదు. ఈ ఇరావడీ డాల్ఫిన్‌కు సినిమాల్లో చూసినట్టు పొడుగు ముక్కుండదు, గుండ్రటి తల. గాల్లోకి ఎగిరి పల్టీలు కొట్టదు. నీళ్లలోంచి నున్నటి వీపు ఒక్క క్షణం తేలుతుంది, బుస్సుమని గాలి వదులుతుంది, మునిగిపోతుంది. చిలికాలో ఉన్నవి 150కి అటూ ఇటూ. అంతే.

ఒక వీపు తేలగానే నాలుగు పడవలు ఇంజన్లు గట్టిగా వేసి చుట్టుముట్టడం పర్యాటకుల బలవంతం మీద జరిగే పనే. 'దగ్గరికి పోనీ, ఇంకో వంద ఇస్తాం' అనేది మనవాళ్లే. ఇంజన్ పంకా తగిలితే ఆ జీవికి చావే. దూరంగా ఇంజన్ ఆపి పది నిమిషాలు మాట్లాడకుండా కూచుంటే అదే వస్తుంది. పిల్లల్ని పది నిమిషాలు మాట్లాడకుండా కూచోబెట్టడం మాత్రం పడవవాడి వల్ల కాదు.

పక్షులకు ఆ పేచీ లేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సైబీరియా, మంగోలియా, లడఖ్‌ల నుంచి వస్తాయి. సూదితోక బాతులు, ఫ్లెమింగోలు, రకరకాల ఉల్లంకులు. 2023 నుంచి 2025 వరకు ఏటా జనవరిలో జరిగిన లెక్కల్లో 11 లక్షలు దాటాయి. వాటికి పెద్ద మకాం నలబన. వానల్లో మునిగి, నీరు తీశాక తేలే దీవి. పక్షుల అభయారణ్యం కాబట్టి పడవల్ని లోపలికి వదలరు. దగ్గర్నుంచి చూడాలంటే ఉత్తరపు గట్టున టాంగి దగ్గర మంగళాజోడి ఉంది. ఒకప్పుడు పక్షుల్ని వేటాడి అమ్మినవాళ్లే ఇప్పుడు గడ వేసే పడవల్లో తిప్పి వాటిని చూపిస్తున్నారు. ఇంజన్ చప్పుడుండదు. టెక్కలి దగ్గర తేలినీలాపురం కొంగల్ని చూసి పెరిగిన శ్రీకాకుళం చుట్టాలు కూడా ఇక్కడ నోరు తెరుస్తారు.

వలలూ, గట్లూ

షికారు పడవలోంచి చూస్తే నీళ్లలో వరసగా పాతిన వెదురు కర్రలు, వాటికి కట్టిన వలలు అందంగా ఉంటాయి. ఫొటోలకు బాగుంటాయి. వాటి వెనక తగాదా ఉంది. రొయ్యల పెంపకం కోసం చిలికాను కట్టేసుకునే ఈ దడులను ఇక్కడ 'ఘెరీ' అంటారు. సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో చిలికా, పులికాట్ సరస్సులకు వెయ్యి మీటర్ల లోపు రొయ్యల చెరువులు ఉండరాదని తీర్పిచ్చింది. 1999 మేలో సొరానా గ్రామంలో మత్స్యకారుల ఆందోళన మీద పోలీసు కాల్పులు జరిగి నలుగురు చనిపోయారు. ఘెరీలు తీసేయడం, మళ్లీ మొలవడం మాత్రం ఆగలేదు. తడ, సూళ్లూరుపేట వైపు పులికాట్ గట్టున ఉన్న తెలుగు పాఠకులకు ఈ కథ కొత్తగా అనిపించదు.

చిలికా మీద బతికేవాళ్లలో ఒడియా కేవుటాలు, కండరాలతో పాటు సముద్రపు ముఖద్వారం వైపు నోలియాలు కూడా ఉన్నారు. నోలియాలంటే మనవాళ్లే. ఉత్తరాంధ్ర తీరం నుంచి తరాల క్రితం వచ్చి గంజాం, పూరీ తీరాల్లో స్థిరపడ్డ తెలుగు మత్స్యకారులు. పూరీలో పెంటకోట అనే పేటే ఉంది. వాళ్లింట్లో తెలుగు, బయట ఒడియా. బడిలో పిల్లలు చదివేదీ ఒడియానే. తెలుగు మాట్లాడతారు గానీ బస్సు మీద ఊరు పేరు తెలుగులో రాసుంటే చదవలేరు. బరంపురం మనవళ్ల సంగతీ అంతే, వాళ్లది ఇంగ్లిషు మీడియం. హైదరాబాదు మనవడు మామ్మ మాటల్లో 'ఏటి', 'గుంటడు' విని నవ్వుతాడు. అదే మాట పడవ కొసన కూచున్న మనిషి నోట వినపడితే మాత్రం నవ్వు ఆపి చూస్తాడు.

'మీకు తెలుగెలా వచ్చు అంకుల్?'

'మాదీ తెలుగే బావూ. మా తాత బారువ నుంచొచ్చినాడంట.'

ఇలాంటి సంభాషణ సోంపేట పక్కనున్న బారువ పేరుతో కాకపోతే భావనపాడు పేరుతో, కళింగపట్నం పేరుతో ఈ తీరం పొడుగునా వినిపించేదే. అప్పుడు మామ్మగారు ముందుకు వంగి, ఎవరి తాలూకు, ఏ వీధి అంటూ ఆరా మొదలెడతారు. రేవు వచ్చినా తెమలదు.

పీతల బుట్ట

దిగాక అందరి కాళ్లూ బాలుగావ్ బజారు వైపే. చిలికా పీతకు పేరుంది. ఒళ్లు బరువుగా, డెక్కలు గట్టిగా ఉన్నది ఏరుకోవాలి. రొయ్యలు, మన పండుగప్ప కూడా దొరుకుతాయి. ఇక్కడ 'భేక్టి' అని అడగాలి. పండగ మూడు రోజులూ నీచు ముట్టని ఇళ్లలో ఆ సాయంత్రం పొయ్యి మీద పీతల పులుసు ఉడుకుతుంది. దాంట్లో ఆవ పెట్టాలా, చింతపండు వేయాలా అన్నది ఒడియా పక్కింటావిడకూ, శ్రీకాకుళం వియ్యపురాలికీ ఏటా తేలని తగువు.

మర్నాడు పొద్దున్న బరంపురం స్టేషన్లో విశాఖ వైపు బండి. సంచుల్లో బరంపురం అప్పడాలు, ఊరగాయ సీసాలు, థర్మోకోల్ డబ్బాలో ఐసు మధ్య పీతలు. 'ఉగాదికి రండి' అంటుంది ఇటు నుంచి తల్లి. 'ఉగాదికి గాలెక్కువంటమ్మా' అంటుంది కిటికీలోంచి కూతురు. డబ్బాలోంచి నీరు కారి కింది సీటు తడుస్తోందని ఎవరో అరుస్తారు. బండి కదులుతుంది.